విమానం పొట్ట రంగు

ప్లాస్టిక్ విమానాలు అతికించే అలవాటు నాకు ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకు దాచేపల్లి పక్కన ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ సంగతి చెబుతుంటాను. ఎలా పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పబుద్ధి కాదు. తలుచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది. ఇన్నేళ్ళకు కాగితం మీద పెడితే అయినా ఆ రుచి పోతుందేమోనని రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను గుంటూరులో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఉండేవాణ్ణి. సిమెంటు దుమ్ము మీద వార్త కోసం ఆ కాలనీకి వెళ్తే, రిటైరైన ఇంజనీరు ఒకాయన క్వార్టర్సు ఖాళీ చేస్తూ కనిపించారు. గుమ్మం ముందు పారేయాల్సిన సామాను గుట్టగా పోశారు. అందులో ఐదు అట్టపెట్టెలు. మూతల మీద చిన్న విమానాల బొమ్మలు ఉన్నాయి. యుద్ధ విమానాలు కావు. ఇద్దరు కూర్చుని ఊళ్ళు తిరిగేవి, ఏటి మీద దిగేవి, పొలాల మీద ఎగిరేవి. ఆయన కుర్రతనంలో పైదేశం శిక్షణకు వెళ్ళినప్పుడు కొనుక్కున్నారట. ముప్పై ఏళ్ళలో ఒక్కటీ విప్పలేదు. "తీసుకెళ్ళండి. మీరు తీసుకోకపోతే నీళ్ళ పొయ్యిలోకి పోతాయి" అన్నారు. బస్సులో ఐదూ ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

పెట్టె విప్పితే కొమ్మకు కాయల్లా చట్రానికి అతుక్కుని ఉంటాయి ముక్కలు. ఒక్కొక్కటీ బ్లేడుతో కోసి, అంచు గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, ఆరేదాకా బట్టల క్లిప్పు పెట్టాలి. పెట్టెలో ఉన్న జిగురు ట్యూబు రాయిలా గట్టిపడిపోయింది. స్కూటర్లకు రంగులేసే షెడ్డులో అడిగితే థిన్నరు ఇచ్చారు. మిగిలిన చట్రం తుంపులు అందులో వేసి రెండు రోజులు మూత పెడితే చిక్కటి గంజిలా అయింది. అదే జిగురు. ఈ ప్లాస్టిక్కు ఘాటైన ద్రావకం తగిలితే కరిగిపోతుందని నాకు అప్పటినుంచీ తెలుసు. తెలుసన్న సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

నాలుగేళ్ళలో నాలుగు కట్టాను. మొదటిది పూర్తిగా చెడింది. రెండోదాని అద్దాలకు క్షణంలో అతుక్కునే జిగురు ఆవిరితో పొర కమ్మింది. మూడోదానికి నా ఇంటావిడ గోళ్ళ రంగు వాడాను. నాలుగోది బాగానే వచ్చింది. నాలుగింటినీ తీగ కట్టి వసారాలో వేలాడదీస్తే ఆవిడ ఒకటే మాటంది: "ఉన్న దోమలు చాలక ఇవి కూడానా?" ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ తలెత్తి చూడలేదు. ఈ చివరి వాక్యం సిగ్గుపడుతూ రాస్తున్నాను. తర్వాత నేను చేసిన పనికి మూలం అందులోనే ఉంది.

ఐదో పెట్టెలోది పొలాల మీద మందు చల్లే విమానం. ఒక్కడే కూర్చునేది. పైలట్‌కు ముందు, ఛాతీ ఉండాల్సిన చోట మందు టాంకీ. రెక్కల కింద సన్నటి గొట్టం, దానికి వరసగా మందు చిమ్మే మూతులు. కొలతలు చూసుకోవడానికి పెట్టెను ఒకరోజు ఆఫీసుకు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మా ఆఫీసు అటెండరు టీ తెచ్చి, గ్లాసు దించకుండా మూత మీద బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పర్చూరు పక్కన ఒక పొగాకు ఊరు ఆయనది. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం పొద్దున్నే వచ్చి ఆఫీసు ఊడ్చేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా నేను 'నువ్వు' అనేవాణ్ణి, ఆయన నన్ను 'సార్' అనేవాడు. ఆఫీసులో ఎవరికీ అది వింతగా అనిపించేది కాదు, నాకూ అనిపించలేదు.

"ఇది మన విమానమేనండి" అన్నాడు.

"మనదేంటి?"

"మందు విమానం. చిలకలూరిపేట వైపు పత్తి చేలల్లో తెల్లదోమ పడినప్పుడు తెచ్చారు చూడండి. దీని కింద రెండు సీజన్లు జెండా పట్టుకున్నా."

అలాంటి పని ఒకటుండేదని అంతకుముందు నాకు తెలియదు. పైనుంచి చూస్తే పైలట్‌కు చేలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎంతవరకు మందు పడిందో, ఎక్కడినుంచి కొత్త వరస మొదలుపెట్టాలో గుర్తుండదు. అందుకని చేను ఇటు చివర ఒకడు, అటు చివర ఒకడు కర్రకు తెల్లగుడ్డ కట్టి పైకెత్తి నిలబడాలి. విమానం ఆ గుడ్డ మీదికే వస్తుంది. నెత్తి మీదినుంచి దాటిపోయాక పదిహేను అంగలు పక్కకు నడిచి మళ్ళీ ఎత్తాలి. "ముందే పక్కకు జరిగితే వరస తప్పుద్దని మేస్త్రి తిట్టేవోడండి. తడిసి ముద్దయ్యేవోళ్ళం" అన్నాడు. అన్నది ఏదో వానలో తడిసినట్టు.

పెట్టె మీద విమానం మొత్తం పసుపు రంగు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రంగు తప్పండి."

"కంపెనీ వాళ్ళు వేసిందే కదా."

"పైన అట్టాగే ఉందేమో, పైన నాకు తెలవదు. నేను చూసింది పొట్ట. పొట్ట పసుపు కాదు. మందు కారి కారి బెల్లం పాకం రంగు తిరిగింది. ఎడమ రెక్క కింద నంబరులో ఒక అక్షరం సగం చెరిగిపోయింది. ఆ పక్కనే కొసనుంచి మూడో మూతికి పచ్చగుడ్డ పేలిక కట్టి ఉండేది, కారకుండా."

విలేకరి బుద్ధి ఊరుకోదు. వారం తర్వాత వేరే మాటల్లో అదే అడిగాను. నెల తర్వాత కావాలని తప్పు చెప్పి చూశాను. "నాలుగో మూతి అన్నావు కదూ, కుడి రెక్కకు?" అన్నాను. "మూడోదండి. ఎడమ రెక్క" అన్నాడు విసుగు లేకుండా. నెత్తికి రెండు నిలువుల ఎత్తులో దూసుకుపోయేదాన్ని రోజుకు ముప్పై నలభై సార్లు తలెత్తి చూసినవాడికి ఇక పెట్టె మూతతో పనేముంటుంది? నేను పైభాగం పెట్టెను బట్టి, కింది భాగం ఆయన చెప్పినదాన్ని బట్టి కట్టడం మొదలుపెట్టాను. టాంకీ మూత తెరుచుకునేలా సన్నటి తీగతో మడతబందు కూడా పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన వచ్చి విమానాన్ని చేత్తో తన తల పైకి ఎత్తి, కిందినుంచి చూసేవాడు. "ఇంకొంచెం నలుపు కలపండి. పైలట్ సీటు కింద మరీ జిడ్డుగా ఉండేది." నేను కలిపేవాణ్ణి. పచ్చగుడ్డ పేలికకు ఆయన తన తువ్వాలు అంచునుంచి ఒక పోగు లాగి ఇచ్చాడు.

ఆయన పట్టుదల ఎందుకో కొన్నాళ్ళకు తెలిసింది. వాళ్ళ ఊళ్ళో పత్తి లేదు, మందు విమానం ఎప్పుడూ రాలేదు. విమానం కింద నిలబడ్డానంటే ఒక్కడూ నమ్మలేదు. కోతలు కోస్తున్నాడని 'విమానం' అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ళుగా అదే పేరు. చర్చి మెట్ల మీద సొంత అల్లుడే, "ఏం మామా, ఇవాళ ఎక్కడ దిగావు?" అని అడుగుతాడట.

"అయ్యాక ఒక్క ఆదివారం ఇవ్వండి సార్. ఆరాధన అయినాక అరుగు మీద పెట్టి చూపిస్తా. పొట్ట తిప్పి ఏది ఎక్కడుందో చెబుతా. అప్పుడు కూడా నవ్వుతారేమో చూడాల" అన్నాడు.

"ఒక్క ఆదివారం ఏంటి పెద్దాయనా, నీకే ఇచ్చేస్తా" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

విమానం పూర్తయిన వారంలోనే నాతో చదువుకున్న పురుగుమందుల వ్యాపారి ఒకడు ఆఫీసుకు వచ్చాడు. చిలకలూరిపేటలో కొత్త షాపు తెరుస్తున్నాడు, వార్త వేయించుకోవాలి. బల్ల మీద విమానం చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఒరేయ్, దీన్ని నువ్వు చేశావా? చేత్తోనా? ఇది మా కౌంటర్ మీద ఉండాలిరా. శుక్రవారం పొద్దున ఓపెనింగ్. జనం విరగబడి చూస్తారు."

జనం విరగబడి చూస్తారు. ఆ ఒక్క మాటకు పడిపోయాను. అటెండరుకు ఆదివారం కదా కావాల్సింది, శుక్రవారం పెట్టి తెచ్చేస్తే ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆయనకు చెబితే, "నేనూ వస్తానండి, సెలవు పెట్టి" అన్నాడు. విమానాన్ని నాతో ఒంటరిగా పంపడం ఇష్టం లేదని నాకు అర్థమైంది. అర్థమై కూడా నవ్వేసి ఊరుకున్నాను.

కొత్త షాపు లోపల కొత్త రంగు వాసన, దాని మీద మందు వాసన, దాని మీద అగరొత్తుల వాసన. అవన్నీ కలిస్తే వచ్చేది గొంతులో జిడ్డులా పేరుకుంటుంది. అరల్లో వరసగా డబ్బాలు, వాటి మీద నవ్వుతున్న రైతుల బొమ్మలు. అదే కౌంటర్ మీద, సీసాలకు జానెడు దూరంలో లడ్డూల పళ్ళెం. మందు డబ్బా సర్దిన చేత్తోనే ఒకతను లడ్డూలు పంచుతున్నాడు. ఈగలు లడ్డూల మీద వాలుతున్నాయి గానీ డబ్బాల దరిదాపులకు పోవడం లేదు. వాటికున్న బుద్ధి మాకు లేదు. ఒక లడ్డూ నేనూ తిన్నాను.

విమానాన్ని స్టీలు పళ్ళెంలో పెట్టారు. కొత్త బండికి చేసినట్టే ముందు పంకాకు పసుపు, టాంకీకి కుంకుమ బొట్టు, చక్రాల కింద రెండు నిమ్మకాయలు. నిమ్మకాయలు విమానం చక్రాలకు నాలుగింతలున్నాయి. నా పాత సహాధ్యాయి కుంకుమ అంటిన వేళ్ళను రెక్కకు తుడుచుకున్నాడు. మూడు పూతలు వేసి, మధ్యమధ్య తడిపిన గరుకు కాగితంతో రుద్దిన రెక్క అది. తుడుద్దామని రుమాలు తీశాను. అయినా చుట్టూ మూగిన జనం "అచ్చం అట్టాగే ఉందిరా" అంటుంటే హాయిగా నవ్వుతూ దాన్ని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

అప్పుడు వ్యాపారికి ఒక సందేహం వచ్చింది.

"టాంకీ ఖాళీగా ఉందిరా. ఓపెనింగ్ రోజు ఖాళీ పాత్ర పెట్టకూడదు. బోణీ దీంతోనే చేద్దాం. ఆ కొత్త డబ్బా సీలు తియ్యండి."

అటెండరు జనం వెనకనుంచి ముందుకు వచ్చాడు. "పొయ్యొద్దండి. మందు పడితే పెయింటు నిలవదు. పెద్ద విమానానికే నిలవలేదు."

"ఎవరయ్యా నువ్వు? మందు కొట్టే విమానంలో మందు కాక మజ్జిగ పోస్తారా?" అన్నాడు వ్యాపారి. అందరూ నవ్వారు.

ఆయన నా వైపు చూశాడు. ఆ గదిలో ప్లాస్టిక్ కరిగిపోతుందని ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "వద్దులేరా" అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే, అన్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అంతలో మా ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి సార్" అన్నాడు. ఇటు చూశాను.

డబ్బా మూతతో కొలిచి పోశారు. చప్పట్లు కొట్టారు. వాసన గుప్పుమనేసరికి అటెండరు చేసిన పని నాకింకా కళ్ళముందే ఉంది. తువ్వాలు ముక్కుకూ నోటికీ ఒక్క చుట్టు చుట్టి, జనానికి వీపు తిప్పి, నడుం వంచి, పక్కకు అంగలు వేశాడు. ఎవరూ చెప్పకుండా, తనకు తెలియకుండానే చేశాడు. గోడ అడ్డం వచ్చి ఆగాడు.

రెండు నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత పొట్ట మీద రంగు పాల మీద మీగడలా ముడతలు పడింది. రెక్కలు రెండూ మెల్లగా కిందికి వాలాయి. టాంకీ కింది భాగం సాగి, జిగటగా తీగలు తీగలుగా పళ్ళెంలోకి దిగింది. బెల్లం పాకం రంగు, చెరిగిన అక్షరం, పచ్చ పోగు అన్నీ ఆ జిగటలో కలిసి కుంకుమతో పాటు ఎర్రగా పారాయి. చూడటానికి పుండు పగిలినట్టుంది. ముందు నిలబడ్డ ఒకడు ఉమ్మేశాడు.

"ఏంట్రా ఇది, జావ కారిపోతోంది?" అన్నాడు వ్యాపారి, తప్పు నాదన్నట్టు.

మందు కంపెనీ తరఫున వచ్చిన టై కట్టుకున్న అతను తడుముకోలేదు. "మా మందు పవర్ సార్ అది. విమానమే ఆగలేదు, ఇక పురుగెంత?"

గొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఇద్దరు ముగ్గురు ఆ డబ్బాలే ఇమ్మని చెయ్యి చాపారు. నిమిషంలో అది అపశకునం కాకుండా ప్రచారమైపోయింది. వ్యాపారి నా భుజం తట్టాడు. "మంచిదే అయిందిలేరా."

ఆ సందట్లో కుర్చీలో కూర్చున్న పెద్ద వయసు రైతు ఒకాయన అటెండరునే పరీక్షగా చూస్తున్నాడు.

"ఒరేయ్, నువ్వు జెండావాడివి కదూ? ఆ వంగి జరగడం చూసి గుర్తుపట్టా. తెల్లదోమ ఏడాది మా చేలో నిలబడ్డావు."

అటెండరు తువ్వాలు దించాడు. ముఖంలో వెలుగు వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత దొరికిన సాక్షి. "నేనేనండి. మీది రోడ్డు పక్క పదెకరాలు. మధ్యలో నేలబావి."

"అదే. వీడు నిజంగానే విమానం కింద నిలబడేవోడు" అని రైతు అందరికీ చెప్పాడు. మంచి జ్ఞాపకం దొరికిన సంతోషం ఆయనకు. "మధ్యాహ్నం మంచినీళ్ళకు మా ఇంటికొచ్చేవోడు. మా అమ్మ గుమ్మంలోంచే చెంబు ఎత్తి దోసిట్లో పోసేది, మందు కంపు కొడతాడని. వీడు తాగుతుంటే సగం నీళ్ళు మోచేతులెమ్మట కారిపోయేవి. కోతిలా ఉండేవోడు."

మళ్ళీ నవ్వులు.

"మందు కంపుకు కాదులేండి" అన్నాడు అటెండరు. గొంతు పెంచలేదు. "మందు కొట్టని రోజుల్లో కలుపు తియ్యడానికొచ్చినా అట్టాగే పోసేది."

రైతు కర్ర చేతులు మార్చుకున్నాడు. వ్యాపారి, "లడ్డూలు తీసుకోండి, తీసుకోండి" అన్నాడు.

ఫొటో మర్నాడు మా జిల్లా పేజీలోనే వచ్చింది. పసుపూ కుంకుమతో నిండుగా ఉన్న విమానం, పక్కన నేను. కింది నాలుగు లైన్లు రాసింది నేనే. కరిగిపోవడం గానీ, జెండా మనిషి గానీ అందులో లేరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసినవాటిలో చూడటానికి అసహ్యం వేసేవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే నీచమైనది అదే.

ఆ రోజు షాపులో జనం పలచబడ్డాక ఆ పళ్ళెం పట్టుకెళ్ళి వెనక పారేయమని వ్యాపారి ఎవరికో చెప్పాడు. అటెండరు అడ్డుపడి తనే తీసుకున్నాడు. షాపు వెనక ఖాళీ స్థలంలో గేదెలు తిరుగుతున్నాయి. "పారేస్తే నాకి చస్తయ్" అని, కర్రపుల్లతో మోచేతి లోతు గొయ్యి తవ్వాడు. నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను.

"ఇంకొకటి సంపాదిస్తా పెద్దాయనా. మద్రాసులోనో హైదరాబాదులోనో దొరక్కపోదు. మళ్ళీ కడతా" అన్నాను.

"ఎందుకండి?"

"మీ ఊళ్ళో చూపించాలన్నావుగా. నమ్మాలన్నావుగా."

ఆయన ఉత్త చేతులతోనే ఆ ముద్దను పళ్ళెంలోంచి గీకి గోతిలో వేశాడు. తోక, ఒక చక్రం ఇంకా గట్టిగా ఉన్నాయి. వాటినీ వేశాడు. "ఇవాళ ఒకాయన నమ్మాడుగా. ఏమన్నాడో విన్నారుగా" అన్నాడు. "మా వోళ్ళు నమ్మకుండా నవ్వడమే నయం. నన్ను 'విమానం' అనే పిలవనియ్యండి" అని మట్టి కప్పి, కాలితో తొక్కాడు.

గోడ పక్కన సిమెంటు తొట్టి, అందులో ప్లాస్టిక్ మగ్గు ఉన్నాయి. సబ్బు లేదు. ఆయన చేతులు మోచేతుల దాకా జిడ్డుగా మెరుస్తున్నాయి. వాటితో మగ్గు ముట్టుకోకూడదు కదా అని నేనే నీళ్ళు ముంచాను. ఆయన వంగి చేతులు చాపాడు. ఆ నీళ్ళు నా ప్యాంటు మీద చిందుతాయని ఒక అడుగు వెనక్కి వేసి, మగ్గు భుజం ఎత్తుకు లేపి పోయడం మొదలుపెట్టాను. నీళ్ళు ఆయన అరచేతులకు తగిలి, ముంజేతుల మీదుగా మోచేతులకు, అక్కడినుంచి చొక్కాలోకి కారుతున్నాయి.

ఆయన రుద్దుకోవడం ఆపి తలెత్తాడు.

"మగ్గు కొంచెం దించండి సార్" అన్నాడు. "చొక్కా తడుస్తోంది."